ముత్యాల కూస్‌కూస్‌కి జోడీ పుంటికూర

కొత్త సరుకు ఏదైనా వంటింట్లోకి వస్తే ఒంటరిగా రాదు, వెంట ఇంకో పది సరుకుల చీటీ పట్టుకుని వస్తుంది. ముత్యాల కూస్‌కూస్ అలాంటిదే. ఆలివ్ కాయలు, ఫెటా చీజ్, ఎండబెట్టిన క్రాన్‌బెర్రీలు, సీసాలో ఏవో ఎండు ఆకులు. మా దమ్మాయిగూడ నుంచి ఈసీఐఎల్ చౌరస్తా దాకా వెళ్ళి ఇవన్నీ కొనుక్కొస్తే అసలు కంటే కొసరుకే ఎక్కువ డబ్బులవుతాయి. వండాక పిల్లలు రెండు చెంచాలు తిని పక్కన పెడతారు. అప్పుడు మనం ఏమనుకుంటాం? "నాకు ఈ వంటలు రావు" అనుకుంటాం. ఆ మాటే నాకు నచ్చదు. ఇరవై ఏళ్ళ నుంచి ఇంటిల్లిపాదికీ రెండు పూటలా వండిపెడుతున్న ఆడమనిషికి, ఏ గింజకు ఏ రుచి కలుస్తుందో ఒక ప్యాకెట్ చెప్పాలా?

ముందు అదేమిటో తెలుసుకుంటే సగం పని అయిపోతుంది. చూడటానికి అచ్చం సగ్గుబియ్యంలా ఉంటుంది గాని, రెండింటికీ చుట్టరికం లేదు. సగ్గుబియ్యం కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండి. తమిళనాడులో సేలం దగ్గర, మనవైపు సామర్లకోట, పెద్దాపురం దగ్గర తయారవుతుంది. ముత్యాల కూస్‌కూస్ గోధుమపిండి. అసలు కూస్‌కూస్ కూడా కాదిది. మొరాకో, అల్జీరియా, ట్యునీషియా వాళ్ళ కూస్‌కూస్ గోధుమరవ్వను తడిపి, చేత్తో నలిపి, ఆవిరి మీద ఉడికించేది. ఆ విద్యను 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఈ ముత్యాలది వేరే కథ. 1950ల మొదట్లో ఇజ్రాయెల్‌లో తిండిగింజలకు కరువు. అరబ్బు దేశాల నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళకు అన్నం కావాలి, బియ్యం దొరకవు. అప్పటి ప్రధాని బెన్ గురియన్ బియ్యం బదులు ఏదైనా తయారు చెయ్యమని ఒసెమ్ అనే కంపెనీని అడిగితే, వాళ్ళు గోధుమపిండిని బియ్యపు గింజ ఆకారంలో చేసి వేయించి అమ్మారు. గుండ్రటి గింజ ఆ తర్వాత వచ్చింది. అక్కడి జనం దాన్ని 'బెన్ గురియన్ బియ్యం' అనేవాళ్ళట.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గట్క గుర్తొచ్చింది. మన తెలంగాణ పల్లెల్లో వరి అన్నం రోజూ తినేది కాదు కదా, పండక్కో పబ్బానికో వండేది. మిగతా రోజులన్నీ జొన్న గట్కే. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక గాని చాలా ఇళ్ళల్లో అన్నం రోజువారీ తిండి కాలేదు. మరి చప్పిడి గట్కలోకి అమ్మమ్మలు ఏం కలిపేవాళ్ళు? పుంటికూర, పచ్చిపులుసు, చల్ల, ఎల్లిపాయ కారం. చప్పటి గింజకు పులుపు, కారం, కాస్త నూనె. వాళ్ళు ఈ లెక్క ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ముత్యాల కూస్‌కూస్‌కీ అదే లెక్క.

ఎందుకో చెప్తాను. అన్నం మెతుకు పులుసును పీల్చుకుంటుంది. ఈ ముత్యం పైన నున్నగా ఉంటుంది, లోపల బిగువుగా ఉంటుంది. పలచటి పులుసు పోస్తే గింజ మీద నుంచి జారి గిన్నె అడుక్కి పోతుంది. అందుకని దీనికి నూనెలో మగ్గి చిక్కబడిన పులుపు కావాలి, గింజకు అంటుకునేది. పుంటికూర కంటే అలా అంటుకునేది నాకు ఇంకోటి తెలియదు. ఆకును పచ్చిమిర్చితో పాటు నూనెలో మగ్గనిచ్చి, పప్పుగుత్తితో మెదిపి, ఎల్లిపాయ పోపు పెట్టి కలిపితే ప్రతి ముత్యానికీ పచ్చటి పూత పడుతుంది. పైన సన్నగా తరిగిన పచ్చి ఉల్లిగడ్డ. కూర కలిపిన వెంటనే కాదు, పావుగంట ఆగి తినాలి.

ఎండాకాలం అయితే మామిడికాయ తురుము, ఆవపొడి, వేయించిన పల్లీలు. పులిహోర లాగే. చింతచిగురు దొరికే నాలుగు రోజులూ దాన్ని వదలొద్దు. నిమ్మకాయ ఏడాది పొడుగునా ఉంటుంది గాని పొయ్యి మీద ఉండగా పిండకండి, చేదొస్తుంది. టమాటా మాత్రం నీళ్ళు పూర్తిగా ఇంకిపోయి నూనె తేలేదాకా మగ్గాలి, అంతకుముందు కలిపితే ముద్దే.

రెండో సంగతి, పంటి కింద ఏం తగలాలి అన్నది. గింజ గుండ్రంగా, మెత్తగా, కాస్త సాగుతూ ఉంటుంది కాబట్టి పక్కన కరకరలాడేది ఒకటి ఉండాలి. పల్లీలు, వేయించిన శనగపప్పు, నువ్వులు. నువ్వులను తక్కువ అంచనా వెయ్యకండి. ముత్యాల కూస్‌కూస్ పుట్టిన ఆ ప్రాంతంలో నువ్వుల ముద్ద లేకుండా వంట జరగదు. మన ఇంట్లో నువ్వులపొడి డబ్బా ఉండగా సీసాలో తహినీ కొనటం ఎందుకు? కూరగాయలు కూడా గింజకు సరిపడా సన్నగా తరగాలి. సంక్రాంతి రోజుల్లో పచ్చి అనపగింజలు దీనికి పెట్టిపుట్టిన జంట. నానబెట్టి ఉడికించిన శనగలూ బాగుంటాయి. నిప్పుల మీద కాల్చిన వంకాయ గుజ్జు మరీ బాగుంటుంది, వేయించిన గోధుమ వాసనకు ఆ పొగ వాసన తోడవుతుంది. బెండకాయ వద్దు, జిగురు మీద జిగురు. సొరకాయ, బీరకాయ నీళ్ళొదులుతాయి.

గరం మసాలా అసలే వద్దని నా మాట. ఈ గింజకున్న సొంత రుచంతా ఆ వేయించిన గోధుమ కమ్మదనమే. ఒక్క చెంచా బిర్యానీ మసాలా పడితే అది కాస్తా పోతుంది, ఇక సేమ్యా తిన్నా ఇది తిన్నా ఒకటే. మాంసం తినే ఇళ్ళల్లో అయితే మన హైదరాబాదీ దాల్చా ఉందిగా. శనగపప్పు, మటన్, సొరకాయ ముక్కలు, చింతపండు పులుపు. పప్పుతో చిక్కగా ఉంటుంది కాబట్టి దాల్చాలో సొరకాయ ఉన్నా ఇబ్బంది లేదు, గింజ మీద నుంచి జారదు. లెబనాన్‌లో ఇలాంటి గింజనే కోడి, శనగలు, చిన్న ఉల్లిగడ్డలతో కలిపి వండుతారు. అంటే పప్పుజాతి, మాంసం, గోధుమ గింజ అన్నది అక్కడా కలిసిన కలయికే.

వండటం కష్టమేమీ కాదు. చెంచా నూనెలో గింజలు ఎర్రబడేదాకా వేయించి, కప్పుకు కప్పున్నర నీళ్ళు పోసి, ఉప్పు వేసి, సన్నటి సెగ మీద పది నిమిషాలు మూత పెడితే అయిపోతుంది. పెరుగన్నంలా కలిపితే సాయంత్రానికి పెరుగు పీల్చుకుని గట్టిపడుతుంది, ముందే కొన్ని పాలు పోసుకోండి. పాయసం గురించి అడుగుతారేమో, నాకైతే నచ్చలేదు. సగ్గుబియ్యం పాయసానికి వచ్చే ఆ చిక్కదనం దీనికి రాదు.

ఇంకో మాట, ఇది రుచి గురించి కాదు. మాకు కీసరగుట్ట దగ్గర. శివరాత్రికి మా వీధిలో సగం మంది ఒక్కపొద్దు ఉంటారు, సగ్గుబియ్యం కిచిడీ తింటారు. ఈ ముత్యాలను డబ్బాలో పోసి సగ్గుబియ్యం పక్కన పెడితే పెద్దవాళ్ళ కళ్ళకు తేడా తెలియదు. గింజధాన్యం ముట్టని ఒక్కపొద్దులో గోధుమ పడితే వాళ్ళ మనసు ఎంత బాధపడుతుందో మీకు తెలుసు. గోధుమ పడని వాళ్ళకైతే ఒంటికే ముప్పు. డబ్బా మీద పేరు రాసి పెట్టండి.

దీనికంటే పెద్ద తేడా ఇంకోటి ఉంది. మా వదిన డల్లాస్ నుంచి వచ్చినప్పుడు రెండు ప్యాకెట్లు తెచ్చి, "అమ్మకు అన్నం బదులు ఇది పెట్టు, షుగర్‌కి మంచిది" అంది. అత్తమ్మకు పదిహేనేళ్ళ నుంచి షుగర్. వదిన ప్రేమతోనే చెప్పింది, కాదనను. కానీ ప్యాకెట్ తిప్పి చూస్తే ఉన్నది గోధుమపిండి. తవుడు తీసిన పిండిని గుండ్రంగా చేసినంత మాత్రాన అది మందు అవుతుందా? ఖరీదైన సరుకు, విదేశీ పేరు, చిరుధాన్యంలాంటి రూపం, ఈ మూడూ చూసి మనవాళ్ళు దాన్ని కొర్రల పక్కన పెడుతున్నారు. అది సేమ్యాకు అక్కచెల్లెలు, కొర్రలకు కాదు. సేమ్యా ఉప్మా ఎంత కొలిచి పెడతామో పెద్దవాళ్ళకు ఇదీ అంతే కొలిచి పెట్టాలి. వదినకు అదే చెప్పాను. కాసేపు ముఖం ముడుచుకుంది గాని, తర్వాత తనే ప్యాకెట్ మీది అక్షరాలు అద్దాలు పెట్టుకుని చదివింది.

అత్తమ్మ కోసం నేను జొన్న గుడాలు వాడుతున్నాను. జొన్నలు రాత్రే నానబెట్టాలి, కుక్కర్‌లో ఆరేడు విజిళ్ళు రానివ్వాలి, ఓపిక కావాలి. గింజ అంతే గుండ్రంగా, అంతే బిగువుగా ఉంటుంది, పొట్టుతో సహా. కొలత దీనికీ ఉంది, గిన్నెడు కాదు, డాక్టరు చెప్పినంతే. మిగతా అందరికీ కూస్‌కూస్, ఆమెకు జొన్నలు, రెండింటిలోకీ ఒకటే పుంటికూర. పోపు ఒక్కటే పెడతాను, రెండు గిన్నెల్లోకి పంచుతాను. మా అమ్మాయి మాత్రం తన గిన్నె వదిలి నానమ్మ గిన్నెలో చెయ్యి పెడుతుంది.