పదహారు వందల మీటర్లకు కొలిచిన నేల

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ క్రీడా శాఖల మంత్రులకు బహిరంగ లేఖ

అగ్నివీర్ జనరల్ డ్యూటీ కొలువుకు దేహదారుఢ్య పరీక్ష వంద మార్కులకు జరుగుతుంది. అందులో 60 పరుగువి, 40 బీమ్‌వి, అంటే కడ్డీకి వేలాడి ఒంటిని పైకి లాగడానివి. 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే అరవైకి అరవై. ఆ గడువు దాటి 5 నిమిషాల 45 సెకన్లలోపు వస్తే 48. బీమ్ పది తీస్తే 40 మార్కులు, ఆరే తీస్తే 16. తొమ్మిది అడుగుల గొయ్యి దూకడానికి, జిగ్‌జాగ్ దిమ్మ మీద తూలకుండా నడవడానికి మార్కులుండవు, గట్టెక్కితే చాలు.

నాలుగు వందల మీటర్ల ట్రాకు మీద ఈ పరుగు నాలుగు రౌండ్లు. పూర్తి మార్కులకు రౌండుకు సగటున ఎనభై రెండున్నర సెకన్లు. మొదటి రౌండు డెబ్భైలో కొట్టేసిన కుర్రాడికి మూడో రౌండులో ఊపిరి అందదు. దమ్మును నాలుగు రౌండ్లకూ పంచుకోవడం ఒక విద్య. కొలిచిన నేల మీద, గడియారం చూసుకుంటూ, నెలల తరబడి పరిగెడితేనే అది ఒంటబడుతుంది. పల్లె కుర్రాళ్లలో చాలామందికి ఆ నేలే లేదు. తెల్లవారుజామున హైవే అంచున, ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి దాకా, అక్కణ్ణుంచి అందాజుగా మరో ఆరు వందల మీటర్లు పరిగెడతారు. ఎదురుగా లారీ లైట్లు, వెనక బస్సు హారన్లు. సైన్యంలో చేరాలని బయల్దేరిన పిల్లలు రోడ్డు మీద ప్రాణాలకు తెగించాల్సిన అవసరం ఏ మాత్రమూ లేదు.

తారు రోడ్డు కాలికీ మంచిది కాదు. వాన నీరు జారిపోయేందుకు రోడ్డును అంచువైపు వాలుగా వేస్తారు కనుక, అంచున పరిగెత్తేవాడి ఒక పాదం ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. నోటిఫికేషన్ రాగానే పరుగును ఒక్కసారిగా రెట్టింపు చేస్తే, ముందుగా మోకాలి కింద ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది. కుర్రాళ్లు దాన్ని షిన్ పెయిన్ అంటారు. మాత్ర వేసుకుని మర్నాడు మళ్లీ పరిగెడతారు. కొత్త భారానికి ఎముక గట్టిపడాలంటే వారాలు పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకపోతే నొప్పి కాస్తా సన్నని పగులుగా మారవచ్చు. నియామక ర్యాలీకి నెల ముందు అలాంటి పగులు వస్తే ఆ ఏటి ఆశ అక్కడితో సరి.

ఈ కుర్రాళ్లకు సాధన చేసే నేల ఇవ్వడానికి స్టేడియాలు అక్కర్లేదు. తెలంగాణలో 2022లో మొదలైన క్రీడా ప్రాంగణాలు చాలా ఊళ్లలో ఎకరాలోపు స్థలాల్లోనే వచ్చాయి. నాలుగు వందల మీటర్ల ట్రాకు అందులో పట్టదు. స్థలం పొడుగ్గా ఎకరా ఉంటే మాత్రం రెండు వందల మీటర్ల వలయం పడుతుంది, ఎనిమిది రౌండ్లకు పరీక్ష దూరం పూర్తవుతుంది. నేలను చదును చేసి, మొరం పోసి, తడిపి రోలర్ తిప్పాలి. లోపలి అంచును టేపుతో కొలిచి సున్నం గీత గీయాలి. ఆంధ్రలో ఈ పని ఉన్నత పాఠశాలల మైదానాల్లోనే చేయవచ్చు.

బీమ్‌కు వేలాడితే కాళ్లు నేలకు తగలని ఎత్తులో ఇనుప పైపు కావాలి, అది చేతి పిడికిట్లో ఇమడాలి. వేపకొమ్మకు వేలాడి సాధన చేసిన చేతులు నున్నటి పైపు మీద జారతాయి. గొయ్యి దూకేచోట అవతలి గట్టున ఇసుక పోయాలి. గట్టినేల మీద దూకితే ముందు చీలమండే దెబ్బతింటుంది.

నేర్పడానికి మనుషులు ఊళ్లలోనే ఉన్నారు. పశ్చిమ గోదావరిలో పేరుకు ముందే మిలిటరీని చేర్చుకున్న మాధవరం లాంటి ఊళ్లలో విశ్రాంత సైనికులకు కొదవ లేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో వారి వివరాలుంటాయి. మండలానికి ఒకరిని గౌరవ వేతనంతో పెట్టుకుంటే వారంలో ఎన్ని రోజులు పరుగు, ఎన్ని రోజులు విశ్రాంతి అన్నది తెలిసినవారే చెబుతారు.

మిలిటరీ పోలీసు విభాగంలోకి అమ్మాయిలనూ తీసుకుంటున్నారు. చీకట్లో హైవే మీదికి వాళ్లను ఏ తల్లీ పంపదు. మైదానంలో రెండు దీపాలు, ఒక మరుగుదొడ్డి, తాగే నీరు ఉంటే వస్తారు. ఇక మిగిలేది గేటు తాళం. బడి తొమ్మిదింటికి తెరుస్తారు, సాధన నాలుగున్నరకే మొదలవుతుంది. ఆ వేళకు తాళం తీసే బాధ్యత ఎవరిదో మీరిచ్చే ఉత్తర్వులోనే పేర్కొనాలి.