బిడ్డను బతికించారు, మరి పళ్ళ సంగతి?

"చిన్నప్పుడు చాక్లెట్లు బాగ తినిపిచ్చినవా అక్కా?"

ఈ ప్రశ్న ఏడెనిమిదేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పక్కింటి వాళ్ళు అడిగారు. బడిలో టీచరమ్మ అడిగింది. పళ్ళ డాక్టర్లూ అడిగారు. ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలు చూసి, నల్లగొండ నీళ్ళు తాగిందా అన్నవాళ్ళు కూడా ఉన్నారు. అందరూ నన్నే అడిగారు. వాళ్ళ నాన్నను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

మేముండేది సెంటినరీ కాలనీ పక్కన. మా ఆయన ఓ కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు. 2014లో, మా పాపకు మూడేళ్ళప్పుడు, తగ్గని జ్వరంతో మొదలై రక్త కాన్సర్ అని తేలింది. రామగుండం స్టేషన్లో రైలెక్కి హైదరాబాదు వెళ్ళడం, వారాల తరబడి అక్కడే ఉండిపోవడం, రెండున్నరేళ్ళు ఇదే బతుకు. ఆరోగ్యశ్రీ కార్డు మీద వైద్యం జరిగింది కాబట్టి మందుల ఖర్చు మా మీద పడలేదు. అయినా "ఆడపిల్లకు గింత తిప్పలెందుకు, ఇంకొకల్లను కనరాదా" అని మా అత్త అననే అంది. ఆమె ఒక్కతే అనలేదు. మన దేశంలో కాన్సర్ వచ్చిన పిల్లల రిజిస్టర్లు చూస్తే ఆడపిల్లల పేర్లు మగపిల్లల కంటే తక్కువ. ఆ తేడా అంతా జబ్బు వల్ల వచ్చింది కాదని డాక్టర్లే చెబుతున్నారు. ఆస్పత్రి గడపదాకా రాని ఆడపిల్లలు ఎందరో! మా పాప ఆ గడప దాటింది, బతికింది. వైద్యం చేసిన వాళ్ళకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

కానీ ఆ రెండున్నరేళ్ళలో పళ్ళ గురించి మాకు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు.

పాలపళ్ళు ఊడాక అసలు సంగతి బయటపడింది. కొన్ని పళ్ళు ఆలస్యంగా వచ్చాయి. రెండు పళ్ళు బియ్యపు గింజల్లా చిన్నగా వచ్చాయి. ఒకటి అసలు రానేలేదు. వచ్చినవాటి పైపొర గట్టిగా లేక త్వరగా పుచ్చాయి. పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంది.

పదమూడో ఏట మా ఆడబిడ్డ అంది: "వదినా, పెండ్లీడుకు వచ్చేసరికన్న పళ్ళు సక్కగ చేపియ్యి." ఆడపిల్లను అందం కొలతతో చూడొద్దని సంఘం మీటింగుల్లో చెప్పే నేనే, ఆ మాటకు భయపడి పళ్ళకు తీగ కట్టించడానికి బయల్దేరాను. దగ్గరి టౌనులో ఓ క్లినిక్కులో పళ్ళు చూసి, డబ్బు వాయిదాల్లో కట్టమని, వచ్చేవారం మొదలుపెడదామని చెప్పారు. పాపకు ఇంతకుముందు ఏం జబ్బు చేసిందని వాళ్ళు అడగలేదు. నేనూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? కాన్సర్ మాట బయటికి పొక్కితే రేపు పిల్లకు పెళ్ళి కాదని ఇంట్లో అందరం ఆ పేరు ఎత్తడమే మానేశాం.

ఎందుకో మనసొప్పక ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె దవడ మొత్తం ఎక్స్‌రే తీయించి, చాలాసేపు చూసి, "ఈ పాపకు చిన్నప్పుడు పెద్ద జబ్బేమన్నా చేసిందా అమ్మా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె చెప్పింది మీ అందరికీ తెలియాలి. పాలపళ్ళు ఉండగానే దవడ లోపల పక్కా పళ్ళు తయారవుతుంటాయి. మొదటి దవడపన్ను బిడ్డ పుట్టేనాటికే మొదలవుతుంది. మిగతావి ఏడెనిమిదేళ్ళ వరకు రూపు కట్టుకుంటాయి. వేళ్ళు పూర్తిగా దిగేసరికి పద్నాలుగు, పదిహేనేళ్ళు దాటుతాయి. కాన్సర్ మందు వేగంగా పెరిగే కణాల మీద పడుతుంది. కాన్సర్ కణమేదో, పన్ను కట్టే కణమేదో దానికి తెలియదు. అందుకే ఐదేళ్ళలోపు, ముఖ్యంగా మూడేళ్ళలోపు ఈ వైద్యం జరిగిన పిల్లలకు పళ్ళు రాకపోవడం, చిన్నవి కావడం, వేళ్ళు పొట్టిగా ఉండిపోవడం ఎక్కువ. తలకో మెడకో రేడియేషన్ ఇస్తే లాలాజలం తగ్గి నోరెండిపోతుంది, పళ్ళు త్వరగా పుచ్చుతాయి. దవడకు ఎక్కువ రేడియేషన్ తగిలితే, ఎన్నేళ్ళ తర్వాతైనా పన్ను పీకించుకున్నచోట ఎముక మానకుండా చచ్చిపోయే ప్రమాదం ఉంది.

మా పాప పళ్ళ వేళ్ళు పొట్టివి. మామూలు పిల్లలకు లాగినట్టు తీగతో లాగితే ఉన్న పళ్ళూ వదులయ్యేవి. చాక్లెట్ల మాట నిజం కాదు. నా తప్పూ లేదు, బిడ్డ తప్పూ లేదు.

ఏయే మందులు, ఎంతెంత ఇచ్చారో కాగితాలు తెమ్మంది డాక్టరమ్మ. అవి మా దగ్గర లేవు. ఇల్లు మారినప్పుడు, పీడ వదిలిందని అత్త ఆ ఫైలును పొయ్యిలో పెట్టింది. మేం జబ్బును దాచాం, ఫైలును దాచలేదు. చేయాల్సింది సరిగ్గా దానికి తలకిందులు.

ఆస్పత్రిలో అడగొచ్చు కదా అంటారా? డాక్టర్లకు వర్తించే 2002 నాటి నియమావళి ప్రకారం రోగి కాగితాలను వైద్యం మొదలైన రోజు నుంచి 3 ఏళ్ళు భద్రపరిస్తే చాలు. మూడేళ్ళకు జబ్బు చేసిన బిడ్డకు పక్కా పన్ను వచ్చేది ఆరేడేళ్ళకు, కొన్ని పన్నెండేళ్ళకు. పన్ను పైకి వచ్చేనాటికి కాగితం ఉంటుందన్న హామీ లేదు. అదే నియమావళి, రోగి తరఫువాళ్ళు అడిగిన 72 గంటల్లో కాగితాలు ఇవ్వాలని కూడా చెబుతోంది. అడగొచ్చని మనలో ఎందరికి తెలుసు? చికిత్స వల్ల ఏం జరగొచ్చో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో తీర్పిచ్చింది. మా చేత ఎన్నో కాగితాల మీద సంతకాలు పెట్టించారు, వేలిముద్రలు వేయించారు. వాటిలో పళ్ళ మాట ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు.

"ప్రాణం దక్కింది, ఇంకా పళ్ళకు ఏడుస్తవా" అనేవాళ్ళు మనలోనే ఉన్నారు. కాన్సర్ వచ్చిన పిల్లల్లో కనీసం 60 శాతం మంది బతకాలని, 2030 నాటికి అది సాధించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. ధనిక దేశాల్లో ఇప్పటికే 80 శాతానికి పైగా బతుకుతున్నారు. అంటే మన బస్తీల్లో, మన కాలనీల్లో ఇలా బతికి పెరిగే పిల్లలు ఇంకా పెరుగుతారు. వాళ్ళు అన్నం నమలాలి, మాట్లాడాలి, నవ్వాలి. ఇవి సోకులా? వైద్యంలో భాగం కావా?

అందుకే మన సంఘాలు కొన్ని పనులు చేపట్టాలని నా అభిప్రాయం. చికిత్స మొదలయ్యే ముందే పళ్ళ పరీక్ష చేయించమని అడగాలి. పుచ్చిన పన్ను నుంచి ఒళ్ళంతా విషం పాకితే ఆ సమయంలో ప్రాణం మీదికొస్తుంది. చికిత్స నడిచే రోజుల్లో మెత్తటి బ్రష్షు వాడాలి. రక్తకణాల లెక్క చూడకుండా పన్ను పీకించవద్దు. చికిత్స అయ్యాక ఆరు నెలలకోసారి పళ్ళ డాక్టరుకు చూపించాలి. ప్రతిసారీ పాత జబ్బు సంగతి మొదట చెప్పాలి. మందుల పేర్లు, మోతాదు, రేడియేషన్ ఎక్కడ ఎంత ఇచ్చారో రాసిన ఒక్క కాగితం డిశ్చార్జి రోజే తీసుకుని, రేషన్ కార్డుతో పాటు దాచాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఉంది. ఈ పిల్లల పళ్ళ వైద్యాన్ని కాన్సర్ వైద్యంలో భాగంగా లెక్కగట్టి ఖర్చు భరించాలి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, సర్కారు బడుల్లో పిల్లల్ని పరీక్షిస్తారు. అందులో పళ్ళు కూడా ఉన్నాయి. పళ్ళు చూసేటప్పుడు "చిన్నప్పుడు ఏం జబ్బు చేసింది?" అన్న ప్రశ్న ఆ పరీక్షలో తప్పనిసరి కావాలి.

మా పాప ఇప్పుడు పదో తరగతి. తీగ కట్టించలేదు. పుచ్చినవి నింపించాం. లేని పన్నుకు ఏం చేయాలో ఎదుగుదల ఆగాక చూద్దామంది డాక్టరమ్మ. మొన్న బతుకమ్మ ఆడేటప్పుడు ఎవరో మళ్ళీ చాక్లెట్ల మాట ఎత్తారు. నేను నోరు తెరిచేలోపే పాప అంది: "కాదు పెద్దమ్మా, నాకు చిన్నప్పుడు కాన్సర్ ఉండె. ఆ మందులకు గిట్లయినయ్."

చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే అంది.