పీఎస్6 లీకులు: 40 టెరాఫ్లాప్స్ అంటే పీఎస్5కు నాలుగు రెట్లేనా? అసలు లెక్క ఇదీ!

ధర చెప్పలేదు. తేదీ ప్రకటించలేదు. కానీ సోనీ తర్వాతి ప్లేస్టేషన్ గ్రాఫిక్స్ పవర్ ఎంతో అంకెలతో సహా సోషల్ మీడియాలో తిరిగేస్తోంది. గరివిడి స్టేషన్‌లో రైలు కోసం చూస్తున్న కుర్రాడి ఫోన్‌లోనూ, హైదరాబాద్ మెట్రోలో వెళ్తున్న ఐటీ ఉద్యోగి ఫోన్‌లోనూ ఇవే రీల్స్. పీఎస్6 పవర్ 34 నుంచి 40 టెరాఫ్లాప్స్ అట! పీఎస్5లో ఉన్నది 10.28 మాత్రమే. అంటే దాదాపు నాలుగు రెట్లు అన్నమాట.

నిజంగా అంతేనా? ఇంట్లో వాళ్లను ఒప్పించి, రూపాయి రూపాయి కూడబెట్టి కన్సోల్ కొందామనుకుంటున్నవాళ్లు ఈ అంకె చూసి ఆగిపోవాలా? ఒకసారి లెక్క చూద్దాం.

టెరాఫ్లాప్ అంటే ఏంటి?

గ్రాఫిక్స్ చిప్ సెకనుకు లక్ష కోట్ల లెక్కలు చేయగలిగితే అది ఒక టెరాఫ్లాప్. ఇదేమీ ఆట ఆడించి కొలిచే అంకె కాదు. కాగితం మీద గుణించి చెప్పేదే. చిప్‌లోని కంప్యూట్ యూనిట్ల సంఖ్యను 64తో, మళ్లీ 2తో, ఆ తర్వాత గిగాహెర్ట్జ్‌లో ఉన్న స్పీడ్‌తో గుణించి, చివరికి 1000తో భాగిస్తే సరి.

పీఎస్5లో 36 యూనిట్లు, గరిష్ఠ స్పీడ్ 2.23 గిగాహెర్ట్జ్. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి గుణించి చూడండి, 10.28 వస్తుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 52 యూనిట్లు, 1.825 గిగాహెర్ట్జ్. దానికి 12.15 వస్తుంది.

ఇప్పుడు పీఎస్6 లీకులకు వద్దాం. 2025లో యూట్యూబ్‌లో వచ్చిన లీకుల్లో మొదట 40 నుంచి 48 యూనిట్లు అన్నారు. తర్వాత 52 నుంచి 54 అన్నారు. స్పీడ్ 2.6 నుంచి 3 గిగాహెర్ట్జ్ అట. ఈ 52ని, 3ని పైన చెప్పిన పద్ధతిలోనే గుణిస్తే ఎంతొస్తుంది? 40 రాదు. దాదాపు 20 వస్తుంది!

మరి మిగతా 20 ఎక్కడివి?

కొలత మారింది.. అంకె పెరిగింది

ఏఎండీ కొత్త తరం గ్రాఫిక్స్ చిప్‌లలో ఒకే యూనిట్ ఒకేసారి రెండు ఆదేశాలు నడిపే ఏర్పాటు ఉంది. దాన్నీ లెక్కలో కలిపితే కాగితం మీద పవర్ అమాంతం రెట్టింపవుతుంది. కానీ ఆటలో ప్రతి పనికీ ఆ వెసులుబాటు దొరకదు. మన పెద్దవాళ్ల భాషలో చెప్పాలంటే.. నిరుడు పంటను కుంచాలతో కొలిచి, ఈసారి అడ్డలతో కొలిచి పంట రెట్టింపైందన్నట్టే. రెండు అడ్డలు కలిస్తేనే కదా ఒక కుంచం!

ఒకే కొలతతో చూస్తే, లీకులన్నీ నిజమే అనుకున్నా, పీఎస్5 మీద పీఎస్6 కాగితం లెక్క దాదాపు రెండు రెట్లే. అదీ తక్కువేం కాదు. కానీ రీల్‌లో చెప్పే నాలుగు రెట్లు మాత్రం కాదు.

ఇది ఇంతకుముందూ జరిగింది!

2024 మార్చిలో పీఎస్5 ప్రో గురించి వచ్చిన లీకుల్లో 33.5 టెరాఫ్లాప్స్ అన్నారు. పీఎస్5కు మూడు రెట్లని అప్పుడూ హడావుడి చేశారు. అదే ఏడాది నవంబర్ 7న ప్రో మార్కెట్లోకి వచ్చింది. పీఎస్5 డిజైన్‌కు నాయకత్వం వహించిన మార్క్ సెర్నీ ఆ తర్వాత ఇచ్చిన వివరణలో చెప్పిన అంకె 16.7. సరిగ్గా సగం! ఇక సోనీ అధికారికంగా చెప్పింది 45 శాతం వేగం పెరుగుదల గురించే. ఆ 45 శాతం మాట లీకులోనూ ఉంది. కానీ వైరల్ అయింది మాత్రం 33.5.

అంటే లీక్ అబద్ధం కాదు. అందులో పనికొచ్చే అంకెను పక్కన పెట్టి, కంటికి పెద్దగా కనిపించే అంకెనే జనం పట్టుకున్నారు.

పీఎస్5 విషయంలోనూ ఇలాంటిదే ఇంకో కథ. 2019 చివర్లో ఏఎండీ టెస్టింగ్ డేటా బయటికొచ్చింది. అందులో 36 యూనిట్లు, 2 గిగాహెర్ట్జ్ అని ఉంది. లెక్కిస్తే 9.2 టెరాఫ్లాప్స్. ఇంకోవైపు 13 దాకా ఉంటుందన్న పుకార్లూ నడిచాయి. 2020 మార్చి 18న సెర్నీ అసలు వివరాలు బయటపెట్టారు. యూనిట్లు 36 అన్నది కరెక్ట్ అయింది. స్పీడ్ మాత్రం మారిపోయింది. చిప్ డిజైన్ ముందే ఖరారవుతుంది కానీ స్పీడ్, ధర లాంటివి చివరి వరకూ మారుతూనే ఉంటాయి. అందుకే లీకుల్లో సగం నిజం, సగం తప్పు ఉంటుంది.

పవర్ ఎక్కువుంటే గెలిచినట్టేనా?

2013లో పీఎస్4 పవర్ 1.84 టెరాఫ్లాప్స్, ఎక్స్‌బాక్స్ వన్‌ది 1.31. పైగా పీఎస్4 ధర 100 డాలర్లు తక్కువ. అది 11 కోట్ల 70 లక్షలకు పైగా అమ్ముడైంది. దాంతో టెరాఫ్లాప్స్ ఎక్కువుంటే చాలన్న నమ్మకం బలపడిపోయింది.

కానీ 2020లో సీన్ రివర్స్ అయింది. 12 టెరాఫ్లాప్స్‌తో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ముందుంది. అయినా చాలా గేమ్‌లు రెండిటిలోనూ ఇంచుమించు ఒకేలా నడిచాయి. అమ్మకాల్లో పీఎస్5 ఎనిమిది కోట్లు దాటింది, ఎక్స్‌బాక్స్ బాగా వెనకబడింది.

గరివిడి వాళ్లకు దీన్ని అర్థం చేయించడం చాలా ఈజీ. శ్రీరామనగర్ ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ తెలిసిన ఊరది. ఫర్నేస్ కెపాసిటీ ఎంత పెద్దదైనా.. తగినంత కరెంటు, మంచి ఖనిజం, చేయి తిరిగిన మనుషులు లేకపోతే లోహం ఆ లెక్కన దిగదు. చిప్ కూడా అంతే. దానికి కరెంటు పరిమితి ఉంటుంది, మెమరీ నుంచి డేటా సమయానికి అందాలి, గేమ్ తయారు చేసేవాళ్లు దాన్ని వాడుకోవాలి.

అసలు మార్పు వేరే చోట

2025 అక్టోబర్‌లో సెర్నీ, ఏఎండీ ప్రతినిధి జాక్ హ్యూన్ కలిసి ఒక వీడియోలో తమ ఉమ్మడి ప్రాజెక్ట్ 'అమెథిస్ట్' గురించి మాట్లాడారు. చిన్న సైజులో గీసిన బొమ్మను ఏఐతో పెద్దదిగా, స్పష్టంగా మార్చడం.. వెలుగునీడలను లెక్కించడానికి విడిగా హార్డ్‌వేర్ పెట్టడం.. డేటాను కుదించి మెమరీ మీద భారం తగ్గించడం.. ఈ మూడూ అందులో ముఖ్యం. కొన్నేళ్లలో రాబోయే కన్సోల్‌లో వీటిని తేవాలన్నది తన ఆలోచన అని సెర్నీ చెప్పారు. అప్పటికి ఇవి సిమ్యులేషన్ దశలోనే ఉన్నాయని కూడా ఆయనే అన్నారు.

ఇది పుకారు కాదు, కంపెనీలు స్వయంగా చెప్పిన మాట. అందులో ఎక్కడా 40 టెరాఫ్లాప్స్ ప్రస్తావన లేదు.

మరి ఇప్పుడు కొనాలా? ఆగాలా?

ముందు మన దేశం సంగతి చూడాలి. పీఎస్5 ప్రపంచ మార్కెట్‌లో 2020 నవంబర్‌లో విడుదలైతే, మన దగ్గరికి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. మొదట్లో డిస్క్ మోడల్ ధర రూ.49,990. 2022 నవంబర్‌లో అది రూ.54,990 అయింది. సాధారణంగా పాతబడేకొద్దీ వస్తువు ధర తగ్గుతుంది. ఇక్కడ పెరిగింది! పీఎస్5 ప్రో అయితే 2024లో విడుదలైనప్పుడు మన దేశానికి రానేలేదు. అది వాడే 6 గిగాహెర్ట్జ్ వైఫైకి అప్పటికి ఇక్కడ అనుమతి లేదు. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. కొత్త కన్సోల్ చవగ్గా వస్తుందని ఆశపడడానికి ఇందులో ఏమీ లేదు.

కాబట్టి మీ అవసరాన్ని బట్టి తేల్చుకోండి. ఇంట్లో పీఎస్5 ఉందా? నిశ్చింతగా ఆగొచ్చు. పీఎస్4 దగ్గరే ఉన్నారా, లేక మొదటిసారి కొంటున్నారా? మీరు ఆడాలనుకునే గేమ్‌లు దేనిలో వస్తున్నాయో చూడండి. ఉదాహరణకు జీటీఏ 6ను రాక్‌స్టార్ ప్రకటించింది పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోల్‌ల కోసమే. దానికోసం పీఎస్6 దాకా ఎదురుచూడక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ధర, తేదీ అధికారికంగా రాకముందే పీఎస్6 బుకింగ్ అంటూ ఎవరైనా లింక్ పంపి అడ్వాన్స్ అడిగితే రూపాయి కూడా కట్టొద్దు. సోనీ అమ్మకానికే పెట్టని వస్తువుకు బుకింగ్ ఎక్కడిది?

ఈసారి ఫోన్‌లో పెద్ద అంకెతో రీల్ కనిపిస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి.. ఇది కుంచం లెక్కా, అడ్డ లెక్కా? క్యాలిక్యులేటర్ అదే ఫోన్‌లో ఉంది కదా!