రచయిత్రినన్న సంగతే తెలియని రచయిత్రి

నలభై ఏడేళ్ల క్రిస్టీన్ ప్రతి ఉదయం ఓ అపరిచితుడి పక్కన నిద్ర లేస్తుంది. పెళ్లి ఉంగరం తొడుక్కున్న ఆ నడివయసు మనిషితో రాత్రి ఏం తప్పు చేశానోనని కంగారు పడుతూ స్నానాలగదిలోకి వెళ్తుంది. అద్దంలోని ముడతల ముఖం తనదేనని ఒప్పుకోవడానికి కాసేపు పడుతుంది. తాను ఆమె భర్తనని, ఎప్పుడో జరిగిన ప్రమాదంలో ఆమె జ్ఞాపకశక్తి కోల్పోయిందని అతను ఓపిగ్గా చెబుతాడు. రాత్రి నిద్రపోతే అదీ చెరిగిపోతుంది. మర్నాడు కథ మళ్లీ మొదటికే.

బ్రిటిష్ రచయిత ఎస్.జె. వాట్సన్ తొలి నవల 'బిఫోర్ ఐ గో టు స్లీప్' (2011) ఇలా మొదలవుతుంది. డాక్టర్ నాష్ ప్రోద్బలంతో క్రిస్టీన్ రహస్యంగా డైరీ రాస్తుంటుంది. అది ఎక్కడ దాచిందో గుర్తు చేయడానికి ఆయన రోజూ ఫోన్ చేయాలి. మొదటి పేజీలోనే భర్తను నమ్మొద్దని ఆమె చేతిరాతతో హెచ్చరిక. అబద్ధమాడుతున్నదెవరన్న ముడి ఇక్కడ విప్పేస్తే కొత్త పాఠకులకు అన్యాయం చేసినట్టే.

అయితే అసలు దెబ్బ మరోచోట తగులుతుంది. క్రిస్టీన్ ఒకప్పుడు నవలా రచయిత్రి. ఆమె పుస్తకం అచ్చయింది కూడా. తన పేరు, వయసు, పెళ్లి గురించి రోజూ వినే ఆ ఇంట్లో ఈ సంగతి మాత్రం ఆమె చెవిన పడదు. జ్ఞాపకం ప్రమాదంలో పోయింది, వృత్తి మాత్రం పక్క మనిషి మౌనంలో పోయింది. పెళ్లికి ముందు భార్య ఏం చేసేదో ఊసెత్తని ఇళ్లు మన దగ్గరా తక్కువేం కాదు, వాటికి ఏ ప్రమాదమూ అక్కర్లేదు. 2005 నాటి 'గజిని' కథానాయకుడికీ మతిమరుపే. కానీ అతను సెల్‌ఫోన్ కంపెనీ అధిపతి అన్న సంగతి లోకమంతా గుర్తుపెట్టుకుంటుంది.

వాట్సన్‌ను కదిలించింది హెన్రీ మోలైసన్ మరణవార్త. మూర్ఛ తగ్గించేందుకు 1953లో ఈ అమెరికన్ మెదడుకు రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తొలగించారు. ఆ తర్వాత 2008లో 82వ ఏట చనిపోయేదాకా కొత్త సంగతులేవీ అతని మనసులో నిలవలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించారు. ఏ రోజు అడిగినా ఆ పని ఎన్నడూ చేసిన గుర్తే లేదనేవాడు, చెయ్యి మాత్రం రోజురోజుకూ కుదురుకుంది. తెలిసిన విషయం వేరు, నేర్చిన పని వేరు అని శాస్త్రానికి చూపింది ఆ నక్షత్రమే. ఈ లెక్కన క్రిస్టీన్ డైరీ అంత చక్కగా సాగడంలో వింత లేదు. వింతల్లా నిద్రదాకా అన్నీ గుర్తుండటమే. మోలైసన్‌కు కాసేపు దృష్టి మళ్లితే చాలు, అంతా పోయేది. ఈ వెసులుబాటు లేకపోతే నవలే లేదు గనక సరిపెట్టుకోవచ్చు. చివర్లో కాకతాళీయాలు కుప్పపడటాన్ని మాత్రం సరిపెట్టుకోలేం.

బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవలో వినికిడి నిపుణుడైన వాట్సన్ పని గంటలు తగ్గించుకుని, ఫేబర్ అకాడమీలో నవలా రచన కోర్సు చేస్తూ దీన్ని రాశారు. 40కి పైగా భాషల్లోకి వెళ్లిన ఈ పుస్తకంతో ఆయన వృత్తే మారిపోయింది. పేరులో పొడి అక్షరాలే ఉండటంతో, రాసింది స్త్రీ అనుకున్న వాళ్లూ చాలామందే.

నికోల్ కిడ్‌మన్ నటించిన 2014 నాటి సినిమా డైరీ బదులు క్రిస్టీన్ చేతికి వీడియో కెమెరా ఇచ్చింది. తెరకు అదే సులువు కావచ్చు. కానీ పుస్తకంలో ఆమె రోజూ కలం పట్టేది. తాను రచయిత్రినని తెలియకుండానే.