పదిహేను రోజుల్లో జైసల్మేర్, ఖార్దుంగ్‌లా: ఈ ప్లాన్‌కు మేము ఒప్పుకోం



మన పిల్లలు వేసిన బైక్ యాత్ర ప్లాన్ అందరి ఫోన్లలో తిరుగుతోంది. మే నెలలో బాబ్లీ నుంచి బయలుదేరడం, జైసల్మేర్ ఇసుక తిన్నెలు చూడడం, అమృత్‌సర్, శ్రీనగర్ మీదుగా లేహ్ చేరడం, ఖార్దుంగ్‌లా ఎక్కి ఫోటో దిగడం, మనాలి మీదుగా తిరిగి ఊరికి రావడం. మొత్తం పదిహేను రోజులు. సంఘం జెండా ఊపి పంపాలట, బ్యానర్లకూ టీ షర్టులకూ సంఘం నిధి నుంచి డబ్బు ఇవ్వాలట. వచ్చే సమావేశంలో ఇది చర్చకు వస్తుంది కాబట్టి మా మాట ఇప్పుడే చెప్పేస్తున్నాం. యాత్రకు మేము అడ్డం కాదు. ఈ ప్లాన్‌కు మాత్రం ఒప్పుకోం.

ముందు లెక్క చూద్దాం. అటూ ఇటూ కలిపితే దారి దాదాపు ఐదున్నర వేల కిలోమీటర్లు. పదిహేనుతో భాగిస్తే రోజుకు 365 కిలోమీటర్ల పైమాటే. అదీ ఒక్క రోజు కూడా ఆగకుండా. నాందేడ్ దాటినాక నున్నటి హైవే మీద ఇది కుదరవచ్చు. జోజిలా ఎక్కేటప్పుడు, బారాలాచాలా దిగేటప్పుడు కుదరదు. మరి లెక్క ఎక్కడ సరిపెట్టారు? లేహ్‌లో. చేరిన మరునాడే ఖార్దుంగ్‌లా అని రాసుకున్నారు. అంటే శరీరానికి ఇవ్వాల్సిన రోజులు కోసి రోడ్డుకు పోశారు.

మన బాబ్లీ సముద్రమట్టానికి 340 మీటర్ల ఎత్తున ఉంటుంది. లేహ్ ఎత్తు 3,500 మీటర్లు, అంటే పదింతలు. అక్కడ మన ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర అందేదానిలో మూడింట రెండు వంతులే. ఖార్దుంగ్‌లా 5,359 మీటర్లు, అక్కడ సగమే. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకు ఒకసారి పూర్తిగా ఆగాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, దగ్గు ఆగకుంటే, నడక తూలితే, మాట తడబడితే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. వెంటనే కిందికి దింపాలి, ఆక్సిజన్ పెట్టాలి.

"మావాళ్ళు జిమ్‌కు పోతరు, వాళ్ళకేం కాదు" అని ఒక అన్న రాశాడు. అన్నా, ఈ జబ్బుకు కండలతో పనిలేదు. బలంగా ఉన్నవాడే తొందరగా ఎక్కుతాడు, తలనొప్పి వచ్చినా పక్కవాడికి చెప్పడానికి సిగ్గుపడతాడు. దోస్తుల ముందు తగ్గకూడదని దాచుకున్న తలనొప్పే తెల్లారేసరికి ముదురుతుంది.

ఇక ఎండ సంగతి. మే నెలలో థార్ ఎడారిలో బైకా? జైసల్మేర్ దారిలోనే ఫలోదీ ఉంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీలు నమోదైంది, ఈ దేశంలో అది రికార్డు. ఆ ఎండలో జాకెట్, హెల్మెట్ వేసుకుని నడిపి, వారం తిరగకముందే మంచు గోడల మధ్యకు పోతామంటున్నారు. ఎడారికి డిసెంబరు, జనవరి మంచి కాలం. లడఖ్‌కు జూన్ నుంచి సెప్టెంబరు. రెంటినీ ఒకే తాడుకు కట్టి మే నెలలో లాగితే రెండూ తెగుతాయి. జూలై 1న గేట్లు ఎత్తాలి, అక్టోబరు 28 దాకా దించకూడదు అని సుప్రీంకోర్టు దాకా పోయి తేల్చుకున్న బ్యారేజీ ఒడ్డున బతుకుతున్నాం. దేనికైనా ఒక కాలం ఉంటుందని మనకు ఇంకొకరు చెప్పాలా?

ఎడారి చూడాల్సిందే అంటే లడఖే ఒక ఎడారి. ఖార్దుంగ్‌లా దాటితే నుబ్రా లోయలో హుండర్ దగ్గర ఇసుక తిన్నెలున్నాయి, రెండు మూపురాల ఒంటెలున్నాయి. కొండా ఎడారీ ఒకే చోట దొరుకుతుంటే జైసల్మేర్ దాకా ఎందుకు?

విమర్శించి ఊరుకుంటే లాభం లేదు. మా ప్లాన్ ఇది. నాందేడ్ నుంచి అమృత్‌సర్‌కు సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. బండ్లను రెండు మూడు రోజుల ముందే రైల్వే పార్సిల్‌లో వేయాలి. పెట్రోల్ పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు నకళ్ళు ఇవ్వాలి, గట్టిగా ప్యాకింగ్ చేయించాలి. మనుషులకు రైల్లో రెండు రోజులు. మూడో రోజు జమ్మూ, నాలుగు శ్రీనగర్, ఐదు సోన్‌మార్గ్, ఆరు కార్గిల్, ఏడు లేహ్. ఈ దారిలో ఎత్తు మెల్లగా పెరుగుతుంది. మనాలి నుంచి పోతే చాలామంది 4,290 మీటర్ల సర్చూలో రాత్రి పడుకుంటారు, అక్కడే తల పగులుతుంది. ఎనిమిది, తొమ్మిది రోజులు లేహ్‌లో పూర్తి విశ్రాంతి. పది హుండర్, పదకొండు మళ్ళీ లేహ్. తర్వాత వచ్చిన దారినే తిరిగి రావడం. మొత్తం పదిహేడు రోజులు. పదిహేనే దొరుకుతాయంటే హుండర్ వదిలేయండి. లేహ్‌లో విశ్రాంతి మాత్రం వదలకండి.

ఎప్పుడు? సెప్టెంబరు మొదట్లో. అప్పటికి కలుపు పనులు అయిపోతాయి, సోయా కోతకు ఇంకా టైముంటుంది.

"రైల్లో బండి పంపితే అది రైడెట్లైతది?" అని అడిగారు. ఇదే సచ్‌ఖండ్‌లో ఏటా ఎంతమంది సిక్కు భక్తులు పంజాబు నుంచి హుజూర్ సాహిబ్‌కు వస్తున్నారో నాందేడ్ స్టేషన్లో మనం చూస్తూనే ఉన్నాం. రైల్లో వచ్చారు కాబట్టి వాళ్ళ యాత్ర యాత్ర కాదని ఎవరైనా అన్నారా? ఐదు రోజులు లారీల వెనక పొగ తాగుతూ పోయి, అలిసిపోయిన చేతులతో కొండ రోడ్డు ఎక్కడంలో గొప్పేముంది?

ఫోటో మోజు గురించీ ఒక మాట. ఖార్దుంగ్‌లా మీద ఏళ్ళ తరబడి ఉన్న బోర్డులో 18,380 అడుగులని, ప్రపంచంలోనే ఎత్తైన బండి రోడ్డని రాశారు. అసలు ఎత్తు 17,582 అడుగులు. అంతకంటే ఎత్తైన ఉమ్లింగ్‌లా రోడ్డు 19,024 అడుగుల దగ్గర లడఖ్‌లోనే ఉంది. తప్పుడు అంకె పక్కన నిలబడి దిగే ఫోటో కోసమా ఇంత తొందర?

"అసలు పోవడమెందుకు, ఇంట్ల పనిలేదా" అనే పెద్దలకూ మనవి. కాకా, వద్దంటే వీళ్ళు ఆగరు. చెప్పకుండా పోతారు, మే నెలలోనే పోతారు. దగ్గరుండి సరిగ్గా పంపడమే మన పని.

కాబట్టి సమావేశంలో మేము అడిగేవి ఇవి. సంఘం నిధి నుంచి బ్యానర్లకు, టీ షర్టులకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఆ డబ్బుతో పోయే ప్రతి ఒక్కరికీ డాక్టర్ పరీక్ష చేయించాలి, నాలుగు పల్స్ ఆక్సీమీటర్లు, మంచి ఫస్ట్ ఎయిడ్ పెట్టె కొనాలి. ఎత్తుకు వాడే మాత్రలు డాక్టర్ రాస్తేనే వేసుకోవాలి. లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ చూపించనివాడికి సంఘం జెండా లేదు. పద్దెనిమిది నిండనివాడికి అసలే లేదు. 2019 సవరణ తర్వాత మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, కనీసం ఇద్దరి దగ్గర పోస్ట్‌పెయిడ్ ఉండాలి, రాత్రికి ఎక్కడ ఆగారో రోజూ ఇంటికి చెప్పాలి. గుంపులో ఒక్కడికి తలనొప్పి తగ్గకపోయినా ఆ రోజు ఎవరూ పైకి ఎక్కకూడదు. ఇది రాసి అందరూ సంతకం పెట్టాలి.

తమ్ముళ్ళూ, మీ మీద కోపం లేదు. కొండలు ఎక్కడికీ పోవు. ఈసారి అందని కనుమ వచ్చే ఏడూ అక్కడే ఉంటుంది. కానీ మీలో ఒక్కడు తగ్గి వచ్చినా వాళ్ళ అమ్మకు చెప్పడానికి ఈ సంఘం దగ్గర మాట ఉండదు. పాత ప్లాన్ వెనక్కి తీసుకుని కొత్తది పట్టుకురండి. మొదటి చేయి మేమే ఎత్తుతాం.