బొమ్మ ఇంజన్‌కు ఎవరి గొంతు పెడదాం?



మన సంఘం హాల్లో పిల్లల కోసం బొమ్మ రైలు పెట్టాలనే మాట కొన్నాళ్లుగా నడుస్తోంది. రైల్వే కుటుంబాలు ఇంతమంది ఉన్న సంఘంలో అది మంచి ఆలోచనే. పట్టాలు, పెట్టెలు, స్టేషను గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా శబ్దం దగ్గరే. ఆవిరి ఇంజన్ బొమ్మలో డిజిటల్ సౌండ్ డీకోడర్ పెట్టించాలని కొందరు, అది దండగ ఖర్చని కొందరు అంటున్నారు. మా అభిప్రాయం ఇది: పెట్టాలి, కానీ మన ఇంజన్ శబ్దమే పెట్టాలి. అది దొరికేదాకా బొమ్మ మూగగా తిరిగినా నష్టం లేదు.

డీకోడర్ అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు మాటలు. అది వేలెడంత సర్క్యూట్ బోర్డు. పట్టాల్లోంచి కరెంటుతో పాటు ఆజ్ఞలు కూడా అందుకుంటుంది. మోటారును నడుపుతుంది, దీపం వెలిగిస్తుంది, తనలో దాచుకున్న శబ్దాలను చిన్న స్పీకర్ ద్వారా వినిపిస్తుంది. ఆవిరి ఇంజన్ బొమ్మలో దీన్ని ఎక్కువగా బొగ్గు, నీళ్లు మోసే టెండర్‌లో అమరుస్తారు, చోటు అక్కడే ఉంటుంది కాబట్టి. పాత బొమ్మలో పెట్టేటప్పుడు మోటారు కొసలు రెండూ పట్టాల కరెంటుకు, ఇంజన్ ఇనుప చట్రానికి ఎక్కడా తగలకుండా విడదీయాలి. లేకపోతే డీకోడర్ కాలిపోతుంది. స్పీకర్ వెనక మూసిన చిన్న డబ్బా లేకపోతే శబ్దం పీలగా వస్తుంది. ఇవన్నీ మెకానిక్ చూసుకునే పనులు. మన సంఘం తేల్చుకోవలసింది వేరే ఉంది.

బజారులో దొరికే డీకోడర్లలో ముందే నింపి పెట్టిన శబ్దాలు ఎక్కువగా ఇంగ్లండ్, జర్మనీ, అమెరికా ఇంజన్లవి. ఆ తయారీ కంపెనీలు అక్కడివి, కొనేవాళ్లూ అక్కడివాళ్లే. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ గొంతు తెచ్చి మన వైపీ ఇంజన్‌లో పెట్టి, "ఇదిగో, మీ తాత నడిపిన బండి" అని పిల్లలకు చూపిస్తే అది అబద్ధమే అవుతుంది.

"ఆవిరి ఇంజన్ ఏదైనా చుక్ చుక్ అనే కదా" అని ఒక సభ్యులు అన్నారు. కాదండీ. రెండు సిలిండర్ల ఇంజన్ చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు బుసలు వస్తాయి. మూడు సిలిండర్లదైతే ఆరు. మన మీటర్ గేజి వైపీ, బ్రాడ్ గేజి డబ్ల్యూపీ రెండూ రెండు సిలిండర్లవే. అయినా వైపీ పెద్ద చక్రం 4 అడుగుల 6 అంగుళాలు, డబ్ల్యూపీది 5 అడుగుల 7 అంగుళాలు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో డబ్ల్యూపీ సెకనుకు సుమారు ఎనిమిది సార్లు బుసకొడితే, వైపీ పది సార్లు బుసకొడుతుంది. రైల్వే ఆఫీసులో కాగితాల మధ్య బతికిన గుమాస్తాలం మేము, ఇంజన్ నడిపినవాళ్లం కాదు. ఈ లెక్క మాత్రం కాగితం మీద ఎవరైనా వేసుకోవచ్చు. ఈ బుసల లెక్కను డీకోడర్‌లో అంకెలు మార్చి సరిచేయొచ్చు. కూత గొంతును మాత్రం అంకెలతో మార్చలేం, రికార్డు చేసి తేవాలి.

తేవడం కుదిరే పనే. కొన్ని కంపెనీల డీకోడర్లలో కంప్యూటర్‌కు తగిలించే పరికరంతో మనం రికార్డు చేసిన శబ్దాన్ని ఎక్కించుకోవచ్చు. మరి ఎక్కడ రికార్డు చేయాలి? పెరంబూరు రైలు మ్యూజియంలో నిలబెట్టిన ఇంజన్లను చూడొచ్చు, తాకొచ్చు, వినలేం. మేట్టుపాళయం–కూనూరు మధ్య నీలగిరి బండికి ఇంకా ఆవిరి ఇంజన్ ఉంది. కానీ అది పళ్లపట్టా ఎక్కే ఎక్స్ క్లాసు ఇంజన్, దానికి నాలుగు సిలిండర్లు. దాని శబ్దం దాని బొమ్మకే చెల్లుతుంది. హరియాణాలోని రేవారీ షెడ్డులో పాత ఆవిరి ఇంజన్లను నడిచే స్థితిలో ఉంచుతున్నారు. మన పిల్లలు ఉత్తరాదిలో ఉద్యోగాల్లో ఉన్నారు, ఒక్కసారి వెళ్లి రాగలరు.

ఖర్చు సంగతి కూడా చెప్పుకోవాలి. మంచి సౌండ్ డీకోడర్ ఒక్కటైనా ఖరీదైనదే, దిగుమతి సుంకం వేరే. దండగ అన్నవారి మాటలో న్యాయం ఉంది. అందుకే అన్ని ఇంజన్లకూ వద్దు, ఒక్కదానికి సరిగ్గా పెడదాం అంటున్నాం.

తొందర ఎందుకంటే, చిత్తరంజన్‌లో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లో ఆగింది. బ్రాడ్ గేజి మీద మామూలు ఆవిరి బండ్లు 1995తో ముగిశాయి. విల్లుపురం, కాట్పాడి, పాకాల, తిరుపతి మీటర్ గేజి లైన్ కూడా ఇప్పుడు బ్రాడ్ గేజి అయిపోయింది. ఆ ఇంజన్ల మీద బొగ్గు వేసిన ఫైర్‌మన్లకు ఇప్పుడు వయసు మీద పడుతోంది. రికార్డు తెచ్చినా "ఇదే మా వైపీ గొంతు" అని ఒప్పుకోవలసింది వాళ్ల చెవులే. ఆ చెవులు పోయాక ఏ శబ్దం పెట్టినా కాదనేవాళ్లుండరు.

తమిళ మీడియంలో చదివిన మాకు తెలుగు అక్షరాలు పెద్దయ్యాకే వచ్చాయి. అయినా భాష పోలేదంటే ఇంట్లో అమ్మ, అవ్వ మాట్లాడింది చెవిలో పడబట్టే. పుస్తకం లేకపోయినా చెవి నిలబెట్టింది. పిల్లల చెవిలో పడేది సరైనదిగా ఉండాలని పట్టుపట్టేది అందుకే.

కాబట్టి సంఘానికి మా మనవి. మొదట ఏ ఇంజన్ అన్నది తేల్చుకుందాం, మా ఓటు వైపీకి. తర్వాత మన సభ్యుల్లో డ్రైవర్లుగా, ఫైర్‌మన్లుగా చేసినవారిని ఒక ఆదివారం హాలుకు పిలిచి, దొరికిన రికార్డులన్నీ వినిపిద్దాం. వాళ్లు సరే అన్నాకే డీకోడర్ కొందాం. బొమ్మ పక్కన చిన్న అట్ట మీద ఈ శబ్దం ఏ ఇంజన్‌ది, ఎక్కడ రికార్డు చేశారు అని తెలుగులో, తమిళంలో రాసి పెడదాం. మీ ఇంట్లో పాత క్యాసెట్లలో, పెళ్లి వీడియోల్లో రైలు కూత పడి ఉంటే పారేయకండి, సెక్రటరీ గారికి ఒక మాట చెప్పండి.