పాదానికి నూనె రాసే ముందు

నడక ఆరోగ్యానికి మేలని వైద్యుడు చెప్పగానే మనలో చాలామంది మరునాటి తెల్లవారుజామునే ఉత్సాహంగా బయలుదేరుతారు. వారం తిరగకముందే మడమలో పోటు, చీలమండ చుట్టూ వాపు మొదలవుతాయి. అప్పుడు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "ఈ వయసులో నడకలెందుకు?" అనేది ఒకటి. "నూనె రాసి గట్టిగా రుద్దించు, అదే పోతుంది" అనేది మరొకటి. మొదటి మాట పొరపాటు. రెండవది సగమే నిజం. ఆ మిగిలిన సగం తెలియకపోవడం వల్ల మా ఇంట జరిగిన నష్టమే ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం.

గార్లలో ఉండే మా పెద్దమ్మ ప్రతి ఉదయం స్టేషను దారిలో నడిచి వచ్చేది. కొంతకాలానికి ఎడమ పాదం సాయంత్రానికి వాచి, తెల్లవారేసరికి తగ్గిపోవడం మొదలైంది. నడక వల్లనే వచ్చిందని అందరమూ అనుకున్నాం. నువ్వుల నూనెతో మర్దన చేశాం, వావిలాకు కాపడం పెట్టాం. రాత్రికి తగ్గుతున్నది కదా అని ఎనిమిది నెలలు గడిపాం. ఆ తర్వాత వాపు తెల్లవారినా తగ్గడం మానింది. ప్రభుత్వ వైద్యశాలలో పరీక్షించి బోదకాలు అన్నారు. తప్పు నూనెది కాదు, వావిలాకుది కాదు. వాపు ఏ జాతిదో అడగని మాది.

మన గ్రంథాలు చెప్పినది

శ్రమ వల్ల వచ్చే పాదాల నొప్పి ఆయుర్వేదానికి కొత్త కాదు. అడుగు ఎగుడుదిగుడుగా పడినందువల్ల గాని, అధిక శ్రమ వల్ల గాని వాయువు చీలమండను ఆశ్రయించి కలిగించే నొప్పిని అష్టాంగహృదయం వాతకంటకమని పేర్కొన్నది. శరీరానికి నిత్యం తైలం పట్టించుకోవాలనీ, తల, చెవులు, పాదాల విషయంలో మరింత శ్రద్ధ వహించాలనీ ఆ గ్రంథమే చెప్పింది. వ్యాయామం తన బలంలో సగం మేరకే చేయాలని, అదీ శీతకాలంలోను వసంతంలోను మాత్రమేనని, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలని హద్దు గీసింది. మన ఎండలలో ఈ మాటకు విలువ ఎంతో ఉన్నది.

అయితే కాలు వాపులన్నీ ఒకటేనని మన పూర్వులు ఎన్నడూ అనలేదు. వేలితో నొక్కినప్పుడు వెంటనే పైకి లేచే వాపు వేరు, గుంట నిలిచిపోయే వాపు వేరు అని చరకుడు విభజించాడు. బోదకాలును శ్లీపదమనే పేరుతో సుశ్రుతుడు విడిగా వర్ణించి, పాతనీరు నిలిచే ప్రాంతాలలో అది ఎక్కువని చెప్పాడు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఈ వ్యాధిని వ్యాపింపజేస్తుందని నేటి వైద్యం తేల్చింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం బోదకాలు బాధితులకు నెలకు 1000 రూపాయల పింఛను ఆరంభించిందంటే, ఈ బాధ మన పల్లెలలో ఎన్ని ఇళ్లలో ఉన్నదో ఊహించుకోవచ్చు.

ఇంట్లో చేయదగినవి

కొత్తగా నడక మొదలుపెట్టిన తర్వాత రెండు పాదాలూ సమానంగా బరువెక్కి, కాస్త వాచి, విశ్రాంతితో తగ్గిపోతే భయపడవలసిన పని లేదు. రెండు మూడు రోజులు నడక ఆపి, పడుకున్నప్పుడు పాదాల కింద దిండు ఉంచుకోవాలి. నాలుగు లీటర్ల గోరువెచ్చని నీటిలో గుప్పెడు ఉప్పు వేసి పది నిమిషాలు పాదాలు ఉంచితే హాయిగా ఉంటుంది. తర్వాత నువ్వుల నూనె మెల్లగా రాయాలి. కాలు మడతపడి అప్పుడే వాచినట్లయితే కాపడం పనికిరాదు, మొదటి రెండు రోజులు చల్లని తడిగుడ్డ వేయాలి. మడమ నొప్పి ఉన్నవారు అరిగిన చెప్పులు మార్చి, గట్టి నేలమీద వట్టి కాళ్లతో నడవడం మానాలి. మధుమేహులకు పాదాలలో స్పర్శజ్ఞానం తగ్గి ఉండవచ్చు. వేడినీరు కాల్చినా తెలియదు కనుక వారు ఈ ఉప్పునీటి చికిత్స చేయరాదు.

చిట్కా ఆగవలసిన చోటు

ఒక్క కాలే వాచి, వారమైనా అలాగే ఉన్నా, మళ్లీ మళ్లీ వస్తున్నా వైద్యునికి చూపించి తీరాలి. పిక్క అకస్మాత్తుగా వాచి, వేడెక్కి, నొప్పిగా ఉంటే రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు. అటువంటి కాలును మర్దన చేయడం ప్రాణాపాయం. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రెండు పాదాలకూ వాపు వచ్చి, నొక్కితే గుంట పడుతూ, ఆయాసం కూడా ఉంటే గుండెను, మూత్రపిండాలను పరీక్షించాలి. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ మాత్ర వల్ల కూడా కొందరికి చీలమండలు వాస్తాయి. అలాగని మాత్ర సొంతంగా మానరాదు, వైద్యునికి చెప్పాలి.

ఇంట్లో పోలీసు ఉద్యోగానికి పరుగు సాధన చేసే పిల్లలుంటే వారినీ గమనించండి. 2022 నాటి నియామకాలలో పురుషులకు 1600 మీటర్లు, స్త్రీలకు 800 మీటర్లు పరుగు పెట్టారు. నెలలో సాధించాలనే తొందరలో తారురోడ్డు మీద పరుగెత్తి, ముంగాలి ఎముకలో ఒకేచోట నొప్పి వస్తున్నా తైలం రాసి మళ్లీ పరుగెత్తే పిల్లలున్నారు. అది ఎముకలో పడిన సన్నని చీలిక కావచ్చు. దానికి తైలం కాదు, విశ్రాంతే మందు.

గృహవైద్యంపై నమ్మకం తగ్గించాలని ఈ మాటలు రాయడం లేదు. ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తెలిసినప్పుడే ఆ నమ్మకం నిలుస్తుంది. చిట్కా చెప్పే ప్రతివారూ, మనవంటి పత్రికలలో రాసేవారితో సహా, అది ఆగవలసిన చోటు కూడా చెప్పాలి.

మా పెద్దమ్మ నేడు ప్రతి రాత్రి కాలిని సబ్బుతో శుభ్రంగా కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకుంటుంది. కాలు ఎత్తున పెట్టుకుని పాదాన్ని పైకి కిందికి ఆడిస్తుంది. వైద్యుల సలహాపైనే నెమ్మదిగా నడుస్తున్నది కూడా. వాపు పెరగడం ఆగింది. మొదటి నెలలోనే చూపించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. నూనె సీసా చేతికి తీసుకునే ముందు రెండు కాళ్లనూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి పోల్చి చూడండి.